హార్మోన్ మాత్రలు వాడే ఆడవాళ్లకు కళ్లు పొడిబారితే ఆపమనాలా, మొదలుపెట్టమనాలా?

తాడిపత్రి_ఆప్టోమెట్రీ:

అందరికీ నమస్కారం. కంటి డాక్టర్లు, గైనిక్ డాక్టర్లు ఇద్దరూ కలిసి చెబితే తప్ప తేలని సంగతి ఇది.

విజన్ సెంటర్‌కు "కళ్లలో ఇసుక పోసినట్టుంది, మంట, సాయంత్రానికి రెప్ప ఎత్తలేకపోతున్నా" అని వచ్చే 45 దాటిన ఆడవాళ్లలో హార్మోన్ మాత్రలు వాడేవాళ్లు కూడా ఉంటున్నారు. మచ్చుకు మూడు రకాలు చెప్తా.

మొదటి రకం: 52 ఏళ్లు, ముట్లు ఆగి రెండేళ్లు, గర్భసంచి ఉంది. ఒంట్లో ఆవిర్లకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ రెండూ మొదలుపెట్టి నాలుగు నెలలు. ఆవిర్లు తగ్గినాయి, కళ్లు ఎట్లున్నవి అట్లే.

రెండో రకం: 41 ఏళ్లు. గర్భసంచి, అండాశయాలు రెండూ తీసేసినారు. ఈస్ట్రడయాల్ వాలరేట్ అనే ఈస్ట్రోజన్ మాత్ర 2 మి.గ్రా. ఒక్కటే వాడుతున్నారు. షర్మర్ (రెప్పకు కాగితం తగిలించి కన్నీళ్లు కొలిచే పరీక్ష) 14 మి.మీ. వస్తుంది, కన్నీటి పొర మాత్రం 4 సెకన్లకే చీలిపోతుంది. "ఈ మాత్రతోనే కళ్లు ఎండిపోతాయంట, ఆపేద్దునా?" అని అడుగుతారు.

మూడో రకం: 58 ఏళ్లు, హార్మోన్ ఏదీ లేదు. "ముట్లు ఆగినందుకే కళ్లు ఎండినాయంట కదా, ఆ బిళ్ల మొదలుపెడితే తడి వస్తుందంట, రాసియ్యమను" అంటారు.

ఒకే మాట విని ఒకరు ఆపుతామంటారు, ఇంకొకరు మొదలుపెడతామంటారు. మాత్ర కంటికి మేలా, కీడా? మేము కొలిచేవాటిలో దేన్ని నమ్మాల? గైనిక్‌కు పంపే చీటీలో ఏం రాయాల?

--

కార్నియా_కర్నూలు:

ముందు మూడో ఆవిడ సంగతి, అది తేలిక. కళ్లు పొడిబారినాయని హార్మోన్ మొదలుపెట్టకూడదు. ఆ పేరుతో ఈ మందుకు అనుమతి ఎక్కడా లేదు. 58 ఏళ్లకు, ఆవిర్లు లాంటి బాధ ఏదీ లేకుండా, కంటి కోసమని రక్తం గడ్డకట్టే అపాయం నెత్తిన పెట్టుకోవడం ఏ లెక్కనా సరిపోదు.

"ముట్లు ఆగితే ఈస్ట్రోజన్ తగ్గింది, అందుకే కన్నీళ్లు తగ్గినాయి, ఈస్ట్రోజన్ ఇస్తే తిరిగి వస్తాయి" అనే లెక్క వినడానికి బాగుంటుంది. కన్ను అట్ల నడవదు. కన్నీటి పొరలో నీళ్లు ఒక భాగం, దానిమీద పలచని నూనె తెట్టె ఇంకో భాగం. నీళ్లు కన్నీటి గ్రంథి నుంచి వస్తాయి. నూనె రెప్ప అంచులోని మైబోమియన్ గ్రంథులది. పై రెప్పలో 25 నుంచి 40 వరకు, కింది రెప్పలో 20 నుంచి 30 వరకు సన్న గొట్టాల్లాగా నిలువునా ఉంటాయి. ఆ నూనె తయారీని నడిపేది ఆండ్రోజన్లు. మగ హార్మోన్లు అని పేరే గానీ ఆడవాళ్ల ఒంట్లోనూ అండాశయాలు, అడ్రినల్ గ్రంథులు వీటిని తయారుచేస్తాయి. వయసుతో ఇవి నెమ్మదిగా తగ్గుతాయి. ఈస్ట్రోజన్ పని దీనికి ఎదురు, నూనె గ్రంథిని అణచే వైపు. అందుకే ఈస్ట్రోజన్ పోస్తే నూనె పెరగదు.

దీనిమీద ఎక్కువమంది ఎత్తిచూపేది అమెరికాలో విమెన్స్ హెల్త్ స్టడీ, 2001లో వచ్చింది. ముట్లుడిగిన 25,665 మంది వైద్యవృత్తిలోని స్త్రీలు. ఎప్పుడూ హార్మోన్ వాడనివాళ్లలో కళ్ల పొడి 5.93%. ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ కలిపి వాడినవాళ్లలో 6.67%. ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవాళ్లలో 9.05%. వయసు, మిగతా తేడాలు సరిచేసినాక ఈస్ట్రోజన్ ఒక్కటే వాడేవాళ్లకు అవకాశం 69% ఎక్కువ, రెండూ వాడేవాళ్లకు 29% ఎక్కువ. వాడకం మూడేళ్లు పెరిగినకొద్దీ ఇంకో 15%.

ఆ 69% చూసి బెదిరిపోవద్దు. నూటికి ఆరుగురు ఉండేచోట తొమ్మిదిమంది అయినారు, అంతే. పైగా అది గమనించి రాసిన లెక్క, చీట్లు వేసి సగంమందికి మాత్ర ఇచ్చి చేసిన ప్రయోగం కాదు. హార్మోన్ వాడే ఆడమనిషి డాక్టరు దగ్గరికి ఎక్కువసార్లు పోతుంది, జబ్బుకు పేరు పడే అవకాశమూ ఎక్కువే. అయినా వాడేకొద్దీ పెరగడం, ఒంటరి ఈస్ట్రోజన్‌కే ఎక్కువగా ఉండడం చూస్తే కొట్టిపారేయలేం.

ఇక మీ రెండో ఆవిడ. షర్మర్ 14 అంటే నీళ్లకు కొదవ లేదు. 4 సెకన్లకు చీలిందంటే పైన తెట్టె లేదు, ఆవిరైపోతుంది. ఆ లెక్కన చూస్తే మాత్ర మీద అనుమానం న్యాయమే. అయినా ఆపమని మీరు గానీ నేను గానీ చెప్పకూడదు. ఎందుకో గైనిక్ మేడమ్ చెబితే బాగుంటుంది. మన పని రెప్ప చూడడం. కింది రెప్ప మధ్యలో వేలితో పది పదిహేను సెకన్లు మెత్తగా నొక్కి పట్టి, స్లిట్ ల్యాంప్‌లో (కన్ను పెద్దదిగా చూపే పరికరం) అంచు చూడండి. మంచి గ్రంథి నుంచి వచ్చేది కాగిన నూనె చుక్కలాగా తేటగా ఉబ్బుతుంది. చెడింది చలికాలం పేరిన నెయ్యిలాగా తెల్లగా, దారంలాగా వస్తుంది, లేదా ఏమీ రాదు. ఏమీ రానిచోట గ్రంథి చచ్చిపోయి ఉండొచ్చు, దానికి ఏ కాపడమూ ప్రాణం పోయదు. అందుకే తొందరగా పట్టుకోవాల.

కొలిచే వరుస తప్పితే అన్నీ తప్పే. ముందు ప్రశ్నల పట్టిక, ఓఎస్‌డీఐ అనే 12 ప్రశ్నలు, వచ్చిన మార్కులు 13 దాటితే తేడా ఉన్నట్టు, 33 దాటితే తీవ్రం. తర్వాత ఫ్లోరెసిన్ అనే రంగుతో పొర చీలే సమయం. తర్వాత నల్లగుడ్డు మీద రంగు ఎక్కడ పట్టిందో. షర్మర్ ఆ తర్వాత. రెప్ప నొక్కడం అన్నిటికంటే చివర. ముందే షర్మర్ పెడితే కాగితం గీరుకుని నీళ్లు ఊరి పొర లెక్క చెడిపోతుంది. ముందే రెప్ప నొక్కితే నూనె దిగి 4 సెకన్లు కాస్తా 8 అవుతుంది.

--

గైనిక్_కడప:

కర్నూలు సార్ వదిలినచోట అందుకుంటా.

41 ఏళ్లకు అండాశయాలు పోయిన మనిషికి ఈస్ట్రోజన్ అంటే ఆవిర్ల మందు మాత్రమే కాదు. ఇంకో ఎనిమిది, పదేళ్లు ఒంట్లో ఊరవలసిన హార్మోన్ ఒక్క పూటలో ఆగిపోయింది. అది ఇవ్వకపోతే ఎముకలు గుల్లబారడం ముందే మొదలవుతుంది, గుండెజబ్బు అవకాశం పెరుగుతుంది. అడ్డు చెప్పే కారణం ఏదీ లేకపోతే సహజంగా ముట్లుడిగే వయసు వరకైనా ఇవ్వాలనేది మాకు నేర్పిన పద్ధతి. 52 ఏళ్ల ఆవిడకు చెప్పే అపాయాల లెక్క ఈవిడకు వర్తించదు. 2002లో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్‌లో రెండు మందుల విభాగం ఆపేసినారని అందరూ భయపడతారు గానీ, అందులో చేరినవాళ్లు 50 నుంచి 79 ఏళ్లవాళ్లు. 41 ఏళ్ల ఆమెను ఆ గాటన కట్టకూడదు.

గర్భసంచి తీసివేతలు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ముప్పైల్లోనే తీయించుకున్నవాళ్లు మన పల్లెల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. గర్భసంచి లేనివాళ్లకు ప్రొజెస్టరాన్ అవసరం లేదు, అది ఇచ్చేది గర్భసంచి లోపలి పొర మందం పెరిగి క్యాన్సర్ కాకుండా. కాబట్టి వీళ్లకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తాం. అంటే కంటి లెక్కల్లో ఎక్కువ ఇబ్బంది కనిపించిన గుంపే మన దగ్గర వయసులో చిన్న గుంపు కూడా. ఇది విజన్ సెంటర్లో గుర్తుండాల్సిన మాట. "ఆపరేషన్ అయిందా?" అని అడిగి ఊరుకోవద్దు, "అండాశయాలు కూడా తీసినారా?" అని అడగండి. చాలామందికి తెలియదు, డిశ్చార్జి చీటీ తెమ్మనండి.

ఆపడం కాకుండా మా చేతిలో ఉండేవి రెండు. ఒకటి డోసు: 2 మి.గ్రా. నుంచి 1 మి.గ్రా.కు తగ్గించి ఆవిర్లు, నిద్ర చూడడం. ఇంత చిన్న వయసువాళ్లకు ఎముకల కోసం డోసు బాగా తగ్గించలేం, అది మా తూకం. రెండోది దారి మార్చడం. నోటి మాత్ర పేగుల నుంచి నేరుగా లివర్‌కు పోతుంది. అక్కడ సెక్స్ హార్మోన్లను పట్టి ఉంచే ప్రొటీన్, ఎస్‌హెచ్‌బీజీ అంటాం, ఎక్కువ తయారవుతుంది. అది రక్తంలో తిరిగే టెస్టోస్టెరాన్‌ను పట్టేసుకుంటుంది, గ్రంథులకు అందేది తగ్గుతుంది. చర్మానికి రాసే జెల్, అతికించే ప్యాచ్ లివర్‌ను ముందుగా తాకవు, ఎస్‌హెచ్‌బీజీ పెద్దగా పెరగదు, గడ్డకట్టే అపాయమూ తక్కువ. సార్ చెప్పిన ఆండ్రోజన్ లెక్కతో ఇది అతుకుతుంది. కానీ "జెల్‌కు మారితే కళ్లు బాగవుతాయి" అని మాత్రం పేషెంట్‌కు మాట ఇవ్వొద్దు. మార్చడానికి గడ్డకట్టే అపాయం, మైగ్రేన్, ట్రైగ్లిజరైడ్లు లాంటి వేరే కారణం కూడా ఉంటే సంతోషంగా మారుస్తాం.

మొదటి ఆవిడకు గర్భసంచి ఉంది కాబట్టి ప్రొజెస్టరాన్ తప్పదు. రోజూ 100 మి.గ్రా. మైక్రోనైజ్డ్ రకం, లేదా నెలకు 12 నుంచి 14 రోజులు 200 మి.గ్రా. కళ్లు బాగాలేవని ఈ రెండోది మానేసి ఈస్ట్రోజన్ ఒక్కటే మింగేవాళ్లు ఉంటారు, గట్టిగా చెప్పండి. ఆవిర్లు తగ్గి నిద్ర పడుతుంటే ఆమె మందు పని చేసినట్టే. కంటికి వేరే వైద్యం.

యోని పొడికి రాసే ఈస్ట్రోజన్ క్రీమ్ గురించి ఎవరైనా భయపడితే భయం తీర్చండి. అది రక్తంలోకి చేరేది చాలా కొంచెం. దాన్ని కంటితో ముడిపెట్టి ఆపవద్దు.

ఇంకోటి. హార్మోన్ వద్దని ఆవిర్లకు వెన్లాఫాక్సిన్, పారోక్సెటిన్ రాస్తుంటాం. కళ్లు, నోరు పొడిబారడం వాటికీ ఉంది. మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, టోల్టెరోడిన్, నిద్రకూ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, దుమ్ము అలర్జీకి రోజూ మింగే సెట్రిజిన్, రొమ్ము క్యాన్సర్ తర్వాత వాడే లెట్రోజోల్, అనస్ట్రోజోల్ కూడా ఆ జాబితాలోవే. "ఈ మందు ఎప్పుడు మొదలైంది, కన్ను ఎప్పుడు మొదలైంది" అని రెండు తేదీలు పక్కపక్కన రాస్తే సగం సంగతి అక్కడే బయటపడుతుంది.

చీటీలో నాకు కావలసింది: మందు పేరు, డోసు, ఎన్ని నెలలు, గర్భసంచి, అండాశయాలు ఉన్నాయా లేవా, రెండు కళ్ల షర్మర్, పొర సమయం, రెప్ప నొక్కితే ఏం వచ్చింది. "హార్మోన్ ఆపవలెను" అని రాయకండి. "ఆవిరయ్యే రకం పొడి, ఈస్ట్రోజన్ వాడకంలో ఉంది, డోసు, దారి పరిశీలించగలరు" అంటే చాలు.

ఒక్కదానికి మాత్రం ఆ రోజే ఆపమనండి: హార్మోన్ వాడే మనిషికి ఉన్నట్టుండి ఒక కంటికి చూపు పోవడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, గుడ్డు ముందుకు పొడుచుకు రావడం. రెటీనా రక్తనాళంలో గడ్డ కావచ్చు. పొడి కన్ను అట్ల ఒక్క పూటలో చూపు తీయదు.

--

మందులషాపు_గుంతకల్లు:

డాక్టర్లు చెప్పినాక మేము చెప్పేది కౌంటర్ మీద జరిగేది.

కళ్లు ఎర్రబడినాయని వచ్చి "చుక్కల మందు ఇయ్యప్పా" అంటే అలవాటుగా యాంటీబయాటిక్, డెక్సామెథసోన్ కలిసిన సీసా చేతిలో పెట్టే షాపులు ఉన్నాయి. డెక్సామెథసోన్ అంటే స్టెరాయిడ్. రెండ్రోజుల్లో మంట ఆరిపోతుంది, అందుకే ఆ సీసానే మళ్లీ మళ్లీ కొంటారు. నెలల తరబడి వేస్తే కంటి ఒత్తిడి పెరుగుతుంది, శుక్లం తొందరగా వస్తుంది. నాఫజోలిన్ ఉండే ఎరుపు పోగొట్టే చుక్కలు ఇంకో రకం మోసం. రక్తనాళాలు ముడుచుకుని కన్ను తెల్లగా అవుతుంది, మందు దిగినాక ముందుకంటే ఎర్రబడుతుంది.

కన్నీటి చుక్కల్లో లేబుల్ చూసి కొనాల. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5% మామూలుది. 1% చిక్కన, రాత్రికి బాగుంటుంది, పగలు వేస్తే కాసేపు చూపు మసక. సోడియం హయాలురొనేట్ 0.1%, 0.18% ఉంటాయి. నూనె తక్కువైనవాళ్లకు నూనె కలిసిన రకాలు వేరే ఉంటాయి, అవి అడిగి తెప్పించుకోవాల. జన్ ఔషధి షాపుల్లో సెల్యులోజ్ చుక్కలు తక్కువ ధరకే ఇస్తారు.

పేరుకంటే ముందు చూడాల్సింది ప్రిజర్వేటివ్. బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఉంటే అది సబ్బులాంటిది, కన్నీటి మీది నూనె తెట్టెనే విడగొడుతుంది, నల్లగుడ్డు పై కణాలను గీరుతుంది. రోజుకు రెండుమూడు సార్లయితే పెద్దగా కనిపించదు. నాలుగు దాటితే అది లేని రకానికే పోవాల. గ్లకోమా చుక్కలు కూడా వేసేవాళ్లకు అందులోనూ అదే ఉండొచ్చు, రెండూ కలిసి లెక్క పెరుగుతుంది. ప్రిజర్వేటివ్ లేని ఒకసారి వాడే గొట్టాలు తెరిచిన రోజే పారేయాల. మామూలు సీసా మూత తీసినాక నెల. సీసా మీద పెన్నుతో తేదీ రాసిస్తే మరిచిపోరు.

వేసేది కూడా చెప్పాల. కింది రెప్పను కిందికి లాగితే జేబు మాదిరి వస్తుంది, అందులో ఒక్క చుక్క. కంటిలో మామూలుగా నిలిచే నీళ్లు 7 మైక్రోలీటర్లు, చుక్క 30 నుంచి 50. రెండో చుక్క చెంప మీదికే పోతుంది. వేసినాక కళ్లు మూసి, ముక్కు పక్క మూలను ఒక నిమిషం నొక్కిపట్టాల. రెండు మందులుంటే మధ్యలో ఐదు పది నిమిషాలు. ఎండాకాలం సీసాను బండి డిక్కీలో పెట్టి తిప్పొద్దు.

చేప నూనె బిళ్లలు కళ్లకు మంచివంట అని చాలామంది అడుగుతారు. 2018లో డ్రీమ్ అనే ప్రయోగం వచ్చింది, రోజుకు 3,000 మి.గ్రా. ఒమేగా-3 ఏడాదిపాటు ఇచ్చి చూస్తే ఆలివ్ నూనె బిళ్లలు మింగినవాళ్లకంటే తేడా ఏమీ రాలేదు. నేను ఎవరికీ కొనమని చెప్పను. అమ్ముకునేవాడినే చెప్తున్నా.

--

పీజీ_అనంతపురం:

కర్నూలు సార్, ఒక అభ్యంతరం. హార్మోన్ మొదలుపెట్టినాక షర్మర్ పెరిగిందని చిన్న చిన్న ప్రయోగాలు ఉన్నాయి కదా? మీరు కీడు వైపే చెప్పినట్టుంది.

--

కార్నియా_కర్నూలు:

ఉన్నాయి బాబూ, కాదనలేదు. కొన్నిట్లో షర్మర్ కాస్త పెరిగింది, కొన్నిట్లో ఏ తేడా లేదు. మాత్రలు వేరు, డోసులు వేరు, ప్రయోగాల్లో చేరిన మనుషులూ వేరు, ఒకదాంతో ఒకటి పోల్చలేం. పైగా షర్మర్ కొలిచేది నీళ్లను. నీళ్లు రెండు మి.మీ. పెరిగి నూనె తగ్గితే మనిషికి సుఖం ఉండదు. అందుకే ఒక్క షర్మర్ చూసి "హార్మోన్ పని చేసింది" అనడం నాకు నచ్చదు. ఆవిర్లకని గైనిక్ మొదలుపెడుతుంటే మాత్రం నేను అడ్డుపడను. మొదలుపెట్టే ముందు ఒకసారి కళ్లు కొలిచి పెట్టుకోండి, 12 వారాలకు మళ్లీ కొలవండి. మొదట కొలవనివాళ్లతో తర్వాత వాదన పెట్టుకోలేం.

ఇంకో మాట మరిచినా. కళ్లతోపాటు నోరు ఎండిపోయి, జొన్నరొట్టె నీళ్లు తాగితే గానీ గొంతు దిగనివాళ్లు, ఉన్నట్టుండి పళ్లన్నీ పుచ్చేవాళ్లు, చెవి కింద వాపు, కీళ్లనొప్పులు ఉండేవాళ్లు, వీళ్లను ముట్ల ఖాతాలో వేయకండి. షర్మర్ 5 మి.మీ. లేదా తక్కువ వస్తే ముందు స్యోగ్రెన్ జబ్బు (ఒంటి రక్షణ వ్యవస్థే కన్నీటి, ఉమ్మి గ్రంథులను దెబ్బతీసేది) అనుమానించాల. ఇది పదిమందిలో తొమ్మిదిమందికి ఆడవాళ్లకే, అదీ నడివయసులో. ఏఎన్ఏ, యాంటీ రో, యాంటీ లా రక్త పరీక్షలకు పంపండి. షుగర్ కూడా చూడండి. షుగర్ ఉన్నవాళ్లకు నల్లగుడ్డుకు స్పర్శ తగ్గి, పుండు పడినా మంట తెలియదు.

--

తాడిపత్రి_ఆప్టోమెట్రీ:

చాలా సాయం చేసినారు అందరూ. రెండు చిక్కులు మిగిలినాయి.

ఒకటి, అదే మనిషికి షర్మర్ ఒక రోజు 6, ఇంకో రోజు 17 వస్తుంది. రెండు, వేడి కాపడం చెప్తే "పెట్టినాం, గుణం లేదు" అంటారు. నందివర్ధనం పూలు కళ్ల మీద వేసుకుంటే చల్లగా ఉంటుంది కదా, వేడి ఎందుకంటారు కొందరు.

--

కార్నియా_కర్నూలు:

షర్మర్ ముందు. గదిలో ఫ్యాన్ ఆపండి. ఇది మొదటి తప్పు, ముఖ్యంగా మే నెలలో ఆపడానికి ఎవరికీ మనసొప్పదు. కాగితం 35 మి.మీ. పొడవు, కొసన 5 మి.మీ. దగ్గర గాటు ఉంటుంది. కవర్ లోపలే ఉంచి మడవండి, వేలితో ముట్టుకుంటే చేతి నూనె అంటి నీళ్లు ఎక్కవు. కింది రెప్ప బయటి మూడోవంతు దగ్గర తగిలించండి. మధ్యలో పెడితే నల్లగుడ్డుకు తాకి నీళ్లు ధారగా వస్తాయి, మీ 17 అక్కడిదే అనుకుంటా. రెండు కళ్లకూ ఒకేసారి, 5 నిమిషాలు, కళ్లు మెల్లగా మూసుకుని ఉండమనండి. మడత దగ్గర నుంచి తడి కొలవండి, కొస నుంచి కాదు. మత్తు చుక్క వేసి చేస్తే వేసినట్టు రాయండి. మత్తుతో ఒకసారి, మత్తు లేకుండా ఒకసారి చేసి పోల్చితే ఆ తేడాకు అర్థం లేదు. మత్తు వేసినాక కింది రెప్ప లోపల నిలిచిన నీళ్లను దూదితో అద్ది తీసి అప్పుడు కాగితం పెట్టాల, లేకపోతే మీ చుక్కనే మీరు కొలుస్తారు.

పొర సమయానికి ఫ్లోరెసిన్ కాగితాన్ని ఒక చుక్క సెలైన్‌తో తడిపి విదిలించండి. రంగు ఎక్కువైతే పొర మందమై సమయం ఎక్కువ చూపిస్తుంది. మూడుసార్లు రెప్ప కొట్టమని, తర్వాత కొట్టకుండా చూడమని, నీలం వెలుతురులో మొదటి నల్లమచ్చ వచ్చేవరకు లెక్కపెట్టండి. మూడుసార్లు చేసి సగటు. 10 సెకన్లకు లోపైతే తేడా ఉన్నట్టే.

కాపడం. గుణం లేకపోవడానికి కారణం వేడి చాలకపోవడం. పేరిన ఆ నూనె కరగాలంటే రెప్ప బయట 40 నుంచి 45 డిగ్రీలు, కనీసం ఐదు నుంచి పది నిమిషాలు నిలవాల. తడిబట్ట రెండు నిమిషాలకే చల్లారిపోతుంది. కాబట్టి గిన్నెలో వేడినీళ్లు, చిన్న బట్టలు రెండు. ఒకటి కంటి మీద ఉండగా ఇంకోటి నీళ్లలో. రెండు నిమిషాలకోసారి మార్చాల, మధ్యలో నీళ్లు చల్లారితే వేడినీళ్లు కలపాల. పెట్టేముందు మణికట్టు లోపలివైపు తాకించి చూసుకోవాల. బియ్యమో ఉప్పో మూటకట్టి పెనం మీద కాచి పెట్టే పద్ధతి ఈ రెప్పకు వద్దు, ఒంట్లో అన్నిటికంటే పలచని చర్మం ఇది, షుగర్ ఉన్నవాళ్లకు కాలినా తెలియదు.

తర్వాత వెంటనే, నూనె చల్లారకముందే, పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందనుంచి పైకి, వెంట్రుకల వైపుకు వేలితో ఐదారుసార్లు సాగదీసినట్టు రాయాల. గుడ్డును అదమకూడదు. చివర కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన బట్టతో రెప్ప అంచు తుడవాల. రోజుకు రెండుసార్లు, కనీసం నెల. వారం పెట్టి గుణం లేదనేవాళ్లకు "ఇంకా మూడు వారాలు" అని తేదీ రాసిచ్చేయండి.

నందివర్ధనం పూలు చల్లగా ఉంటాయి, హాయి కూడా. కానీ చల్లదనానికి నూనె కరగదు. కళ్లు మూసుకుని పైన పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు, రసం పిండి కంట్లో పోస్తే ఒప్పుకోను. ఆముదం, తేనె, చనుబాలు కూడా అంతే. కాటుక, సుర్మా లోపలి అంచుకు పెడితే ఆ గ్రంథుల నోళ్లు మూసుకుపోతాయి.

ఈ పని అంతా చేసి నెలకు కూడా రంగు మచ్చలు తగ్గకపోతే కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రికి పంపండి. వాపు తగ్గించే సైక్లోస్పోరిన్ చుక్కలు 0.05% రోజుకు రెండుసార్లు మొదలుపెట్టవచ్చు. అది మొదటి వారాల్లో బాగా మండుతుంది, గుణం పూర్తిగా తెలిసేది మూడు నుంచి ఆరు నెలలకు. ఈ ముక్క ముందే చెప్పకపోతే సీసా వారానికే కిటికీ అవతల పడుతుంది. నీళ్లే తక్కువైతే కన్నీరు పోయే రంధ్రానికి బిరడా పెడతాం. రెప్ప వాపు ఉండగా పెడితే ఆ చెడు నూనె, మంటపుట్టించే సరుకు అంతా కంట్లోనే నిలిచిపోతుంది, కాబట్టి ముందు రెప్ప.

--

మందులషాపు_గుంతకల్లు:

అక్కా, ఒకటి చెప్పాలని ఉంది. గాలి సంగతి ఎవరూ ముట్టలేదు. మన అనంతపురం జిల్లాకు ఏడాదికి 550 మి.మీ. చుట్టూ వాన, ఆషాఢంలో ఆ గాలి చూస్తే ఊరికే గాలిమరలు పెట్టలేదని తెలుస్తుంది. మగ్గం మీద జరీ వేసేవాళ్లు, బండలు కోసే పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, శనక్కాయలు తూర్పార పట్టేవాళ్లు, వీళ్లకు హార్మోన్ ఎంత సరిచేసినా ఏం లాభం? మగ్గం మీద కూర్చుంటే రెప్ప కొట్టడమే మరిచిపోతారు.

--

కార్నియా_కర్నూలు:

నిజమే. మగ్గంవాళ్లకు ఒక పోగు వరుస పూర్తయినప్పుడల్లా రెప్ప పూర్తిగా మూసి రెండు సెకన్లు ఆపి తెరవమని చెప్పండి. సగం మూసే రెప్పతో నూనె కిందికి దిగదు. బండల దుమ్ములో పనిచేసేవాళ్లకు పక్కలు మూసిన ప్లాస్టిక్ కళ్లజోడు హార్డ్‌వేర్ షాపులోనే దొరుకుతుంది. నీళ్ల కూలర్ గాలిలో తేమ ఉంటుంది, ఏసీకంటే మేలు, ముఖానికి సూటిగా తగలకుండా పక్కకు తిప్పితే చాలు. నీళ్లు అయిపోయి ఉత్త గాలి వచ్చే కూలర్ మాత్రం ఫ్యాన్ కంటే అన్యాయం.

--

తాడిపత్రి_ఆప్టోమెట్రీ:

ఇప్పుడు ఇంకో అనుమానం వచ్చింది సార్. ఏప్రిల్‌లో హార్మోన్ మొదలుపెట్టే ముందు కొలిచి, 12 వారాలకు రమ్మంటే సరిగ్గా ఆషాఢం గాలికి వస్తారు. అప్పుడు తగ్గిన సెకన్లు మాత్రవా, గాలివా?

--

కార్నియా_కర్నూలు:

మంచి చోట పట్టుకున్నారు. ఆ ఒక్క కొలతతో మాత్రను తప్పుపట్టలేం. అదే గది, అదే గంట, ఫ్యాన్ ఆపి, మనిషి బయటనుంచి వచ్చినాక ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి అప్పుడు కొలవండి. పొర సమయం తగ్గి, రెప్ప నొక్కినప్పుడు వచ్చే నూనె మాత్రం మొదట రాసినట్టే తేటగా ఉంటే గాలి వైపు చూడండి. నూనె కూడా నెయ్యిలాగా చిక్కబడి ఉంటే గైనిక్‌కు చీటీ రాయండి. అట్లే కార్తీకంలో ఇంకోసారి కొలవండి. తేదీ పక్కన "గాలి", "వాన", "కూలర్" అని ఒక్క మాట కూడా రాసి పెట్టండి, ఆర్నెల్ల తర్వాత అది ఎవరికీ గుర్తుండదు.